ముందు పైకప్పు, తర్వాత గుడారం



ఏప్రిల్ నెలాఖరున బడులకు సెలవులిచ్చారంటే జాతీయ రహదారి 16 మీద కొత్త ప్రయాణికులు కనిపిస్తారు. విశాఖపట్నం నుంచి చీకటితోనే బయల్దేరిన బుల్లెట్లూ, ఇంకా పెద్ద బండ్లూ వరసగా శ్రీకాకుళం, నరసన్నపేట దాటి టెక్కలి, పలాసల మీదుగా ఇచ్ఛాపురం వైపు పోతుంటాయి. వెనక సీటు మీద గుడారం చుట్ట, రెండు పక్కలా పెట్టెలు, హెల్మెట్ మీద కెమెరా. వీళ్లకంటే ఎక్కువమంది ఇంకో రకం వాళ్లున్నారు. ఒక స్ప్లెండర్ మీద భర్త, వెనక భార్య, ఇద్దరి మధ్య పిల్లవాడు, ట్యాంకు మీద బట్టల సంచి. అమ్మమ్మగారి ఊరు కవిటి దగ్గరో బారువ దగ్గరో ఉంటుంది. వీళ్లను మోటారు సైకిల్ యాత్రికులని ఎవరూ అనరు. నన్నడిగితే ఈ దారిలో అసలు యాత్రికులు వీళ్లే. ఈ ప్రసంగం రెండు రకాల వాళ్లకూ.

శ్రీకాకుళం జిల్లాకు 193 కిలోమీటర్ల సముద్రతీరం ఉంది. అందులో ఉత్తరపు ముక్క, అంటే వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి, కంచిలి, ఇచ్ఛాపురం మండలాలు, పలాస పక్క పల్లెలతో కలిపి మనం ఉద్దానం అంటాం. కొబ్బరి, జీడిమామిడి, పనస. ఎండాకాలంలో ఇంత నీడ దొరికే తీరం మనకు చాలా తక్కువ. సెలవులకు బండి వేసుకుని ఇటు రావాలనుకోవడంలో తప్పేమీ లేదు, రావాలి కూడా. కాకపోతే ఇక్కడి మే నెలకు ఒక నడత ఉంది. అది తెలుసుకుని రావాలి.

చాలామంది "వాతావరణం ఎప్పుడు మారుతుందో తెలీదండీ" అంటూ ఉంటారు. ఏ రోజు మారుతుందో చెప్పడం కష్టమే. కానీ మారే రోజున ఏ వేళకు మారుతుందో చాలావరకు తెలుసు. మందస నుంచి వాయవ్యానికి చూస్తే మహేంద్రగిరి కనిపిస్తుంది. శిఖరం ఒడిశాలోని గజపతి జిల్లాలో ఉంది, ఎత్తు 1,501 మీటర్లు. సముద్రానికి ఇంత దగ్గరగా ఇంత ఎత్తు కొండ తూర్పు కనుమల్లో అరుదు. పొద్దున్న పది దాటాక సముద్రం మీది తేమ గాలి నేల వైపు కదులుతుంది. తోటలు దాటి, రహదారి దాటి, కొండల దాకా పోతుంది. అక్కడి నేల అప్పటికే పెనంలా కాలి ఉంటుంది కాబట్టి తేమ పైకి లేస్తుంది. మధ్యాహ్నం ఒంటిగంటకు కొండ మీద తెల్ల మబ్బులు, రెండున్నరకు వాటి అడుగు నల్లబడటం, నాలుగు నుంచి ఏడు లోపల ఉరుములు, ఈదురుగాలి, వాన. వాతావరణ శాఖ వాళ్లు క్యుములోనింబస్ మేఘాలనేవి ఇవే. బెంగాల్లో కాలబైశాఖి అని పేరుపెట్టి పిలిచే గాలివానలకు ఇవి దగ్గరి చుట్టాలు. రోజూ రావు. వచ్చిన రోజున అరగంటలో పని ముగించుకుని పోతాయి. ఆ అరగంటలో ఒక్కోసారి గంటకు యాభై అరవై కిలోమీటర్ల గాలి కొడుతుంది.

2018 ఏప్రిల్ 24న మన రాష్ట్రంలో పదమూడు గంటల వ్యవధిలో 36,749 పిడుగులు నమోదయ్యాయి. విదేశీ పత్రికలు కూడా వార్త వేశాయి. అది ఏ తుపాను రోజో కాదు, మామూలు వేసవి మంగళవారం. అందులో కొందరు ప్రాణాలు పోగొట్టుకున్నారు.

అందుకని ఈ తీరంలో బండి ప్రయాణానికి నేను చెప్పే నియమం ఒక్కటే. తెల్లవారుజామున నాలుగున్నరకు బండి తీయండి, మధ్యాహ్నం రెండుకు ఆపేయండి. రెండు దాటాక ఇంకో యాభై కిలోమీటర్లు లాగేద్దాం అనే మాట వద్దు. ఎండ సంగతి చూసినా ఇదే లెక్క. మే నెలలో పదకొండు దాటితే హెల్మెట్ లోపల చెమట కళ్లలోకి కారుతుంది. తీరపు ఉక్కలో ఆ చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. తోలు జాకెట్ వేసుకుని ఫొటోలు దిగేవాళ్లను చూస్తే నాకు ముచ్చటకంటే జాలి ఎక్కువ వేస్తుంది.

పొద్దున్నే టెక్కలి చేరారనుకోండి. పక్కనే రావివలసలో ఎండల మల్లికార్జునుడున్నాడు. పెద్ద శివలింగం, మీద కప్పు లేదు. ఎండావానా అన్నీ ఆయన నెత్తినే. కార్తీకంలో జనం పోటెత్తుతారు కానీ వేసవి ఉదయం ప్రశాంతంగా ఉంటుంది. దండం పెట్టుకుని బయటికొచ్చాక రోడ్డు చూసుకోండి. టెక్కలి చుట్టుపక్కల గ్రానైటు క్వారీలు ఎక్కువ. ఒక్కో దిమ్మె టన్నుల బరువు. వాటిని మోసే లారీ వెనక వెళ్లేటప్పుడు దూరంగా ఉండండి. దాటాలనుకుంటే ముందున్న రోడ్డు ఖాళీగా కనిపించాకే దాటండి. రాయి లారీ పక్కన పోతుంటే ఇటు గాలి ఒక్కసారిగా ఆగిపోతుంది. దాటి ముందుకు రాగానే మళ్లీ ఒక్కసారిగా తోస్తుంది. వెనక గుడారం చుట్ట ఎత్తుగా కట్టుకున్న బండి ఆ తోపుకు పక్కకు జరుగుతుంది. అందుకే బరువు ఎప్పుడూ కింద, రెండు పక్కలా సమానంగా ఉండాలి.

టెక్కలి నుంచి సముద్రం వైపు తిరిగితే నౌపడ. 1900లో పర్లాకిమిడి చిన్న రైలు మొదలైంది ఇక్కణ్నుంచే. దగ్గర్లోనే తేలినీలాపురం. సెప్టెంబరు, అక్టోబరుల్లో గూడబాతులూ, ఎర్రకాళ్ల కొంగలూ వచ్చి చింతచెట్ల మీద గూళ్లు కట్టుకునే ఊరు. మే నెలలో వెళ్తే పక్షులుండవు, ఊరివాళ్లు వాటి గురించి చెప్పే కబుర్లుంటాయి. ఆ కబుర్లు వినొచ్చు కానీ కెమెరా తీసే పని ఉండదు.

నౌపడలో ఆగి చూడాల్సింది ఉప్పుమళ్లు. ఉప్పునీటిని మడి నుంచి మడికి మళ్లిస్తూ ఎండబెడతారు. మడి మడికీ నీరు చిక్కబడుతుంది, చివరి మడిలో ఉప్పు పేరుతుంది. పొడుగాటి కర్రపలకతో దాన్ని గట్టుకు లాగి కుప్ప పోస్తారు. పని తెల్లవారుజామున మొదలవుతుంది, ఎందుకంటే ఎనిమిదింటికే ఆ తెల్లదనం కళ్లను కోసేస్తుంది. ఉప్పుకు ఎండే పెట్టుబడి, గాలే కూలి. జనవరి నుంచి జూన్ దాకా సాగే ఈ పనిలో ఏప్రిల్, మే నెలలే గట్టి రోజులు. సరిగ్గా ఆ రోజుల్లోనే సాయంత్రపు గాలివానలు. ఒక్క అరగంట వాన పడితే పేరుతున్న ఉప్పు మళ్లీ నీరైపోతుంది. మడి ఎండి మళ్లీ పని మొదలవడానికి రోజులు పడుతుంది. గట్టు మీది కుప్పలను తాటాకులతో కప్పుకుంటారు కానీ మడిలో ఉన్నదాన్ని కప్పడం ఎవరి తరమూ కాదు.

ఒకసారి అక్కడ టీ తాగుతూ ఒక పెద్దాయన్ని అడిగాను, ఇవాళ వాన వస్తుందా అని. ఆయన ఆకాశం వైపు చూడలేదు. తువ్వాలు అంచు పట్టుకుని నిలబడ్డాడు. "సముద్రం గాలి ఆగింది కదేటి బాబూ. ఆగిందంటే కొండకాడి నుంచి ఏదో వొస్తన్నట్టే" అన్నాడు. వాతావరణ శాస్త్రం చదివినవాళ్లు చెప్పేదీ అదే. దూరంగా వాన దిగినచోటి నుంచి చల్లగాలి నేలను రాసుకుంటూ బయటికి వస్తుంది. అది సముద్రపు గాలికి ఎదురొచ్చిన క్షణంలో మన దగ్గర గాలి స్తంభించినట్టవుతుంది. తర్వాత పడమటి నుంచో వాయవ్యం నుంచో చల్లగా ఒక విసురు. ఆ విసురు తగిలిందంటే మీకు మిగిలింది పది, ఇరవై నిమిషాలు. బండి మీదున్న మనిషికి ఇంతకంటే పనికొచ్చే సమాచారం ఏ ఫోనులోనూ దొరకదు, ఎందుకంటే హెల్మెట్ పెట్టుకున్నా మెడకు ఆ చల్లదనం తెలుస్తుంది.

ఫోను వద్దని కాదు. పుణెలోని ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థ తయారుచేసిన దామిని అనే యాప్ మీ చుట్టుపక్కల పిడుగులు పడుతున్నాయేమో చూపిస్తుంది. రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ మండలాల పేర్లతో హెచ్చరికలు పంపుతుంది. ఆ సందేశంలో మందస అనో కంచిలి అనో కనిపిస్తే, అది మనకు కాదులే అనుకోకండి.

నౌపడ నుంచి సంతబొమ్మాళి మీదుగా భావనపాడు వైపు వెళ్లే దారిలో మూలపేట ఓడరేవు పనులున్నాయి. 2023 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగింది. అటు టిప్పర్లు తిరిగే రోడ్లలో కంకర, ఇసుక జారి ఉంటాయి. మలుపుల్లో మెల్లగా వెళ్లండి.

ఇక పలాస. కాశీబుగ్గ, పలాస జంట ఊళ్లు. వందలకొద్దీ జీడిపప్పు పరిశ్రమలు, కాల్చిన జీడి వాసన, మాటకంటే వేగంగా చేతులాడించే ఆడవాళ్లు. పప్పు సంగతి మీకు తెలిసిందే. తొక్క సంగతి బండివాళ్లకు చెప్పాలి. జీడిగింజ తొక్కలో నల్లటి జిగురు నూనె ఉంటుంది. తోటలో పచ్చిగింజ కొరికితే పెదాలు పుండ్లు పడేది దానివల్లే, పిల్లలతో వెళ్లేవాళ్లు జాగ్రత్త. ఆ నూనెను గట్టిపరిచి చేసిన పొడిని ప్రపంచమంతటా బ్రేకు లైనింగుల్లో, క్లచ్ పలకల్లో కలుపుతారు. వేడెక్కినా పట్టు సడలకుండా ఉండటానికి. అంటే మీ బండి ఆగుతున్నది ఏ జీడితోట పుణ్యానో అయి ఉండొచ్చు.

బ్రేకుల మాట వచ్చింది కాబట్టి వానలో బండి గురించి చెప్పేస్తాను. వాన మొదలైన మొదటి పది నిమిషాలూ అన్నిటికంటే ప్రమాదం. నెలల తరబడి రోడ్డు మీద పడిన ఆయిలూ, దుమ్మూ తడిసి పైకి తేలి సబ్బు నీళ్లలా మారతాయి. గట్టి వాన కాసేపు కురిశాక అవి కొట్టుకుపోయి రోడ్డు మళ్లీ పట్టు ఇస్తుంది. కాబట్టి తుంపర మొదలవగానే ఇంకా పెద్దది రాకముందే పోదామని వేగం పెంచడం తలకిందుల లెక్క. ఆ పది నిమిషాలూ పెట్రోలు బంకులోనో టీ బడ్డీలోనో కూర్చోండి. డ్రమ్ బ్రేకులున్న పాత బండి నీళ్లలో దిగి వచ్చాక రెండుమూడుసార్లు మెల్లగా బ్రేకు నొక్కి ఆరబెట్టుకోవాలి, లేకపోతే అవసరమైనప్పుడు పట్టదు. పల్లె రోడ్ల మీద ఈ రోజుల్లో మొక్కజొన్న, ధాన్యం ఆరబోసి ఉంటారు. పొడి గింజలే గోళీల్లా జారతాయి, తడిసిన గింజల మీద బ్రేకు వేస్తే చెప్పనక్కర్లేదు. రైతును తిట్టుకుని లాభం లేదు, ఆయనకు కళ్లం లేదు. మబ్బు కమ్మినప్పుడు ఇంటిల్లిపాదీ పరుగెత్తుకొచ్చి ఆ గింజలు ఎత్తుకుంటుంటే బండి పక్కకు పెట్టి మీరూ ఒక పరదా అంచు పట్టుకోండి. అక్కడ పరిచయమైన ఇల్లే ఆ రాత్రి మీకు చూరు కావచ్చు.

రెయిన్‌కోటు చొక్కా, ప్యాంటు విడివిడిగా ఉన్నదే కొనండి. మెడలోంచి వేసుకునే ఒంటిముక్క కోటు గాలికి ఎగిరి చక్రంలోనో చైనులోనో పడుతుంది. వెనక కూర్చున్నవాళ్ల చీరకొంగు, చున్నీ కూడా అంతే. సామాను తడవకుండా ఖరీదైన సంచులు లేకపోయినా ఫరవాలేదు. మన పల్లెల్లో అందరూ వాడే యూరియా సంచిని శుభ్రంగా కడిగి, లోపల ఒక ప్లాస్టిక్ కవరు వేసి మూతి కట్టేస్తే చాలు. సముద్రం పక్కన తిరిగిన బండిని మర్నాడు మంచినీళ్లతో కడిగి చైనుకు ఆయిలు పెట్టండి. ఉప్పుగాలి ఇనుమును ఊరికే వదలదు.

ఇప్పుడు గుడారం. మన దేశంలో మామూలు యాత్రికులు గుడారాల్లో పడుకోవడం తక్కువే. సత్రం, గుడి మండపం, బడి వరండా, ఎవరిదో అరుగు, ఇవే మన పడకలు. గుడారం సరదా ఈమధ్య వచ్చింది. మంచి సరదానే. చలికాలంలో ఈ తీరాన గుడారంలో పడుకోవడం కంటే హాయి లేదు. వేసవిలో మాత్రం ముందు గట్టి పైకప్పు ఎక్కడుందో చూసుకుని, దానికి నడిచి వెళ్లగలిగే దూరంలోనే గుడారం వేయాలి. తీరపు గ్రామాల్లో తుపాను రక్షణ కేంద్రాలున్నాయి, బడులున్నాయి. సర్పంచినో, సచివాలయంలోనో, రేవులో పెద్దమనుషులనో అడిగితే కాదనేవాళ్లు తక్కువ. అడక్కుండా తోటలో దూరితే మాత్రం మాట పడాల్సి వస్తుంది, అది న్యాయమే. ఏప్రిల్, మే నెలలు జీడి ఏరుకునే కాలం. రాత్రిళ్లు రైతులు కాపలా ఉంటారు. టార్చి వేసుకుని తోటలోకి వచ్చేవాడు యాత్రికుడో దొంగో వాళ్లకెలా తెలుస్తుంది?

ఎక్కడ వేయకూడదో ముందు చెబుతాను. కొబ్బరిచెట్టు కింద వేయకూడదు. ఫొటోలో బాగుంటుంది. కానీ గాలి లేకపోయినా మట్ట ఊడుతుంది, కాయ పడుతుంది, గాలి ఉంటే రెండూ కలిసి పడతాయి. పైగా ఊరికంతటికీ ఎత్తైన చెట్టు అదే కాబట్టి పిడుగు ముందు దాన్నే పలకరిస్తుంది. సరుగుడు తోట గాలిని అడ్డుకుంటుంది నిజమే, కానీ ఈదురుగాలికి కొమ్మలు విరిగి పడతాయి. తోటకు కాస్త ఎడంగా, సముద్రం వైపు కాకుండా ఊరి వైపు వేసుకోవాలి. జీడితోటలో నేలంతా ఎండాకు. అక్కడ స్టవ్ ముట్టించడం నేరం కిందే లెక్క. తిత్లీ తుపాను ఈ తోటలను 2018 అక్టోబరు 11న నేలమట్టం చేసింది. తరాల నాటి కొబ్బరి, జీడిచెట్లు ఒక్క తెల్లవారుజామున కూలిపోయాయి. ఇప్పుడు మీకు కనిపించే చాలా తోటలు ఆ తర్వాత మళ్లీ నాటినవి, కాపు కోసం ఏళ్లకేళ్లు ఎదురుచూసినవి. నిప్పురవ్వ పడితే కాలేది ఆకులు కావు, ఒక కుటుంబం ఆశలు పెట్టుకున్న చెట్లు.

నదులు సముద్రంలో కలిసే మొగల దగ్గర వద్దు. బారువ దగ్గర మహేంద్రతనయ సముద్రంలో కలుస్తుంది. వేసవిలో ఇసుకమేట వేసి అమాయకంగా కనిపిస్తుంది. కానీ ఆ నది పుట్టింది మహేంద్రగిరి కొండల్లో. అక్కడ సాయంత్రం కురిసిన వాన ఇక్కడికి రాత్రి వస్తుంది. మీ నెత్తిన ఒక్క చుక్క పడకపోయినా నీరు పెరగొచ్చు. పల్లెల మధ్య గెడ్డలదీ ఇదే తీరు.

అక్కుపల్లి శివసాగర్ తీరమైనా, బారువైనా, భావనపాడైనా, ఇసుక మీద వేసేటప్పుడు పోటు గీత చూసుకోండి. అమావాస్య, పున్నాలకు నీరు ఇంకా పైకొస్తుంది. ఊదారంగు పూల తీగ పాకిన చోటు నుంచి ఇంకా వెనక్కి ఉంటే మంచిది. ఇసుకలో మామూలు మేకులు నిలవవు. సంచుల్లో ఇసుక నింపి, తాడు కట్టి, మోకాలి లోతున పూడ్చండి. గుడారం వీపు పడమరకు ఉండాలి. అందరూ సముద్రపు గాలి చూసుకుని అటు జాగ్రత్తపడతారు. గుడారాన్ని లేపేది మాత్రం వెనక కొండ వైపు నుంచి వచ్చే విసురు.

బండిని ఇసుకలోకి దింపకండి. చక్రం కూరుకుపోతుందని మాత్రమే కాదు. ఈ తీరంలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు చలికాలం చివర గుడ్లు పెడతాయి. పిల్లలు బయటికొచ్చే రోజులు వేసవి దాకా సాగుతాయి. పిడికిట్లో పట్టే ఆ పిల్లలు వెలుగు చూసి దారి పట్టుకుంటాయి. సముద్రం మీది వెలుగుకు బదులు మీ హెడ్‌లైటూ, దీపాలూ కనిపిస్తే ఇటు పాకి చచ్చిపోతాయి. అటవీ శాఖవాళ్లు కంచె కట్టిన చోటు కనిపిస్తే దూరంగా ఉండండి.

సముద్రంలో స్నానం సంగతి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవల వేటకు నిషేధం. పడవలు ఒడ్డున ఉంటాయి, మత్స్యకారులు నీడన వలలు బాగుచేసుకుంటూ ఉంటారు. ఈత కొట్టేముందు వాళ్లను ఒక్క మాట అడగండి. ఎక్కడ అడుగు కోసుకుపోయిందో, ఎక్కడ నీరు లోపలికి లాగుతుందో వాళ్లకు తెలుసు. పట్నం నుంచి వచ్చిన కుర్రవాళ్లు అడగరు. ప్రతి వేసవిలోనూ తీరంలో ఎక్కడో ఒకచోట ఎవరో మునిగిపోయిన వార్త వింటూనే ఉంటాం.

మే నెల సముద్రం దూరంలో ఏం జరుగుతోందో మనకు చెప్పదు. 2019 మే 3న ఫొని తుపాను తీరం దాటింది ఒడిశాలో పూరీ దగ్గర. అయినా కవిటి, ఇచ్ఛాపురాల్లో చెట్లు పడ్డాయి. 2022 మేలో అసని తుపాను మచిలీపట్నం వైపు పోయింది. మే 10న సంతబొమ్మాళి మండలం సున్నాపల్లి రేవుకు అలల మీద ఒక బంగారు రంగు రథం కొట్టుకొచ్చింది. మత్స్యకారులు తాళ్లు కట్టి ఒడ్డుకు లాగారు. మయన్మార్ వైపు నుంచి వచ్చి ఉంటుందని అప్పట్లో అనుకున్నారు. వందల మైళ్ల అవతలి రథాన్ని ఒడ్డున పెట్టగలిగిన సముద్రానికి మీ గుడారం ఎంత? బంగాళాఖాతంలో అల్పపీడనం అనే మాట వినిపిస్తే ఆ వారం గుడారం ఇంట్లోనే ఉంచండి. కొబ్బరితోటలు ఎక్కడికీ పోవు.

పిడుగు విషయంలో ఒక లెక్క గుర్తుపెట్టుకోండి. మెరుపు కనిపించాక ఉరుము వినిపించేదాకా అంకెలు లెక్కపెట్టండి. మూడు సెకన్లకు ఒక కిలోమీటరు. ముప్ఫై లెక్కపెట్టేలోపు ఉరిమితే అది పది కిలోమీటర్ల లోపల ఉంది, వెంటనే గట్టి కట్టడంలోకి వెళ్లాలి. చివరి ఉరుము విన్నాక అరగంట ఆగి బయటికి రావాలి. గుడారం పిడుగును ఆపదు. టార్పాలిన్ పందిరీ ఆపదు. కిటికీలు మూసిన కారులో ఉన్నవాడు క్షేమం, మోటారు సైకిల్ మీదున్నవాడు బహిరంగ మైదానంలో నిలబడ్డవాడితో సమానం. బండికి రబ్బరు టైర్లున్నాయి కదా అనేవాళ్లున్నారు. ఆకాశం నుంచి కిలోమీటర్ల దూరం దూకి వచ్చినదానికి రెండంగుళాల రబ్బరు ఒక అడ్డా?

తిండి విషయంలో ఈ దారి మీద బెంగ అక్కర్లేదు. పొద్దున్న చోడి అంబలి దొరికితే తాగండి, ఎండలో ప్రయాణానికి దాన్ని మించింది లేదు. తాటిముంజలు, పనస తొనలు, మందస కోవా, కాలం కలిసొస్తే పచ్చి జీడిపప్పు కూర. మందసలో వాసుదేవ పెరుమాళ్ గుడి చూసుకుని కోవా కొనుక్కుని పదకొండు లోపు అక్కణ్నుంచి కదలొచ్చు.

నీళ్ల సంగతి వేరు. ఉద్దానం పల్లెల్లో మూత్రపిండాల జబ్బు ఏళ్ల తరబడి మనుషుల్ని తింటోంది. ఎన్ని పరిశోధనలు జరిగినా ఫలానా ఒక్క కారణమే అని ఇంకా తేలలేదు. పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం 2023 డిసెంబరు 14న మొదలయ్యాయి. హిరమండలం జలాశయం నుంచి గొట్టాల ద్వారా ఊళ్లకు మంచినీళ్లు తేవడానికి పెద్ద పథకం వచ్చింది. మీరు ఒకటి రెండు రాత్రులు ఉండి వెళ్లేవాళ్లు. మీ నీళ్లు మీరు తెచ్చుకోండి, మనిషికి రోజుకు నాలుగైదు లీటర్లకు తగ్గకుండా. ఇంటివాళ్లు క్యాను కొనుక్కుని తాగుతున్నచోట ఆ నీళ్లతో బండి కడగబోకండి. ఇంకో మాట, ఎవరింటి ముందైనా మంచం మీద నీరసంగా కూర్చున్న మనిషిని చూపించి ఉద్దానం జబ్బు అంటూ వీడియో తీయకండి. వాళ్లు మనం చూసి పోయే వింత కాదు.

చివరగా, స్ప్లెండర్ మీద ముగ్గురు వెళ్లే కుటుంబానికి. బండి మీద ఇద్దరికే చట్టం ఒప్పుకుంటుంది, పిల్లవాడైనా లెక్కలోకే వస్తాడు. నాలుగేళ్లు దాటిన పిల్లలకు హెల్మెట్ తప్పనిసరి. నాలుగేళ్ల లోపు పిల్లలను తీసుకెళ్తే నడిపేవారికి కట్టే పట్టీ, హెల్మెట్ ఉండాలి, వేగం 40 కిలోమీటర్లు దాటకూడదు. డబ్బు ఇబ్బంది నాకు తెలియనిది కాదు. కానీ ఈ దారికి సమాంతరంగా హౌరా–చెన్నై రైలు మార్గం ఉంది. నౌపడ, పలాస, మందస రోడ్డు, బారువ, సోంపేట, ఇచ్ఛాపురం స్టేషన్లున్నాయి. సోంపేట స్టేషను ఉన్నది కంచిలిలో. తల్లినీ పిల్లవాణ్నీ పొద్దుటి ప్యాసింజరు ఎక్కించి, మీరొక్కరే బండి మీద వెళ్లి స్టేషను బయట నిలబడండి. అక్కణ్నుంచి అమ్మమ్మగారి ఊరికి ఆటో ఉంటుంది.